ఉప్పళంలో ఉప్పు ఏమైంది?

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణపు కొసన, సముద్రానికి చేరువలో ఉన్న పేట ఉప్పళం. కొత్త ఓడరేవు, ఇందిరాగాంధీ క్రీడాప్రాంగణం, ఆ పేరుతోనే ఒక శాసనసభ నియోజకవర్గం దాని నేటి గుర్తింపులు. పక్కనే వంబాకీరపాళయం మత్స్యకారుల వాడ. తమిళంలో ‘ఉప్పళం’ అంటే ఉప్పు పండించే మడి. ఈ మాటను తెలుగువారికి విప్పి చెప్పనక్కరలేదు. చినగంజాం నుంచి నౌపడ దాకా మన తీరానికీ ఉప్పుమడులతో తరతరాల పరిచయం ఉంది. ఉప్పళంలో మాత్రం నేడు ఉప్పు లేదు. పని పోయి, పేరు మిగిలింది.

ఊళ్లు పెరిగినప్పుడు పొలాలు వీధులు కావడం సహజమేనని సరిపెట్టుకోవచ్చు. కానీ పుదుచ్చేరి ఉప్పు కథ అంత సులభంగా ముగిసేది కాదు. ఉప్పుకు గిరాకీ తగ్గలేదు, సముద్రం వెనక్కి పోలేదు. ఒకసారి లండన్‌లో, మరోసారి మద్రాసులో రెండు సామ్రాజ్యాలు చేసుకున్న ఒడంబడికల వల్ల ఇక్కడి ఉప్పు తయారీ ఆగిపోయింది. ఆ కాగితాల మీద ఉప్పు తీసేవారి సంతకం లేదు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ‘చిన్న పరిశ్రమలే ప్రాంతీయ ఆర్థిక వ్యవస్థకు వెన్నెముక’ అని అన్ని పక్షాలూ చెప్పే ఈ దేశంలో, ఆ వెన్నెముకను విరిచిన చేతులేవో, విరిగినందుకు పరిహారం ఎవరికి దక్కిందో చూడటానికి ఉప్పళం మంచి చోటు.

ఒక మడి, పది బతుకులు

ఉప్పు తయారీకి పెద్ద యంత్రాలు అక్కరలేదు. సముద్రపు నీటిని కాలువ ద్వారా మడుల్లోకి పెట్టాలి, ఎండకు ఇగరనివ్వాలి, తేలిన ఉప్పును గోకి గట్టున కుప్ప వేయాలి. కోరమాండల్ తీరంలో వానలు వెనుకబట్టాక మొదలయ్యే పని మళ్లీ వానలు పడేదాకా సాగుతుంది. పెట్టుబడి తక్కువ, శ్రమ ఎక్కువ. అయితే మడితో ఆ ఆర్థికం ముగియదు. బండివాడు, బుట్టలు అల్లేవాడు, ఊరూరా తిరిగి కొలిచి అమ్మేవాడు, చేపను ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టే ఆడవారు, తోలు శుద్ధి చేసేవారు, అందరూ దాని మీద ఆధారపడినవారే. ఒక చిన్న వ్యాపారం పది చిన్న వ్యాపారాలను నిలబెడుతుందనడానికి ఇంతకన్నా సరళమైన ఉదాహరణ దొరకదు.

ఇంత విస్తృతంగా చేతులు మారే సరుకు, అందులోనూ ఏ ఇంటికైనా తప్పనిసరి అయిన సరుకు, పాలకుల కంట పడకుండా ఉండదు. ఈస్టిండియా కంపెనీ 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తాధికారంలోకి తెచ్చుకుంది. పండించినవాడు కంపెనీకే అమ్మాలి, కొనేవాడు కంపెనీ దగ్గరే కొనాలి. మొదట గరిసెకు 70 రూపాయలుగా ఉన్న అమ్మకం ధర 1809లో 105 రూపాయలయింది. తెలుగు, తమిళ నేలల్లో ఉప్పు తీయడం వృత్తిగా ఉన్న ఉప్పర కులస్థులు క్రమంగా చెరువులు తవ్వే పనికి, మట్టి పనికి మళ్లడం వెనుక ఈ గుత్తాధికారం కూడా ఉంది. వృత్తి పోయినా, పేరులో ఉప్పు మిగిలిపోవడం ఒక్క ఉప్పళానికే జరగలేదు.

గుత్తాధికారానికి ఒక చిక్కు ఉంది. చుట్టూ ఎంత కట్టడి చేసినా, మధ్యలో ఒక్క కన్నం ఉంటే సరుకు అందులోంచి పారుతుంది. కోరమాండల్ తీరాన పుదుచ్చేరి, కారైకాల్, గోదావరి పాయ ఒడ్డున యానాం, వంగదేశంలో చంద్రనగర్ అటువంటి కన్నాలు. యుద్ధాల్లో ఇంగ్లీషువారు పట్టుకున్న ఈ స్థావరాలను 1814 పారిస్ సంధి ప్రకారం ఫ్రాన్సుకు తిరిగి ఇవ్వవలసి వచ్చింది. పుదుచ్చేరి నిజంగా చేతులు మారింది 1816 డిసెంబరులో. ఈ రెండు తేదీల నడుమ కంపెనీ తన కన్నాన్ని పూడ్చుకుంది.

నాలుగు లక్షలు, నాలుగు వేలు

1815 మార్చి 7న లండన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఫ్రెంచి స్థావరాల్లో తయారయ్యే ఉప్పులో స్థానికుల వాడకానికి పోగా మిగిలినదంతా కొనే హక్కు ఇంగ్లీషువారికే దఖలు పడింది. ఉప్పు, నల్లమందు వ్యాపారాల్లో ఇలా తలవంచినందుకు ఫ్రెంచి ప్రభుత్వానికి ఏటా 4 లక్షల సిక్కా రూపాయలు, పైగా కలకత్తా సగటు ధరకు 300 పెట్టెల నల్లమందు ఇచ్చేందుకు ఇంగ్లీషువారు ఒప్పుకున్నారు. ఫ్రెంచి లెక్కల పుస్తకాల్లో ఇది ‘భారత రాబడి’ అనే పేరుతో దశాబ్దాల పాటు నడిచింది.

మూడేళ్లకు, 1818 మే 13న, మద్రాసు, పుదుచ్చేరి ప్రభుత్వాలు మరో ఒడంబడిక చేసుకున్నాయి. కొనుగోలు హక్కు సరిపోలేదు, తయారీనే ఆపించాలి. పుదుచ్చేరి, కారైకాల్ ఉప్పుమడుల యజమానులకు పరిహారంగా ఏటా 4,000 స్టార్ పగోడాలు నిర్ణయించారు. నాటి మారకంలో పగోడా మూడున్నర రూపాయలు. అంటే ఏడాదికి 14,000 రూపాయలు. ఫ్రెంచి పాలనకు కావలసిన ఉప్పును కంపెనీయే తయారీ ఖర్చుకు ఇస్తుంది. దొంగరవాణా జరగకుండా ఆ ఉప్పును చుట్టుపక్కల కంపెనీ ఇలాకా ధరకు దగ్గరగా ఫ్రెంచివారు అమ్మాలి. 1837లో ఈ ఏర్పాటును కొనసాగించారు.

ఈ లెక్కను నిదానంగా చదవాలి. ప్రభుత్వానికి 4 లక్షలు, మడుల యజమానులకు 14,000. ఈ పోలిక తూకానికి తూకంగా సరిపోదన్నది నిజం. మొదటి మొత్తం అన్ని స్థావరాల ఉప్పుకూ, నల్లమందుకూ కలిపి ఇచ్చింది, రెండోది రెండు పట్టణాల మడులకు మాత్రమే. అయినా నిష్పత్తి కన్నా ముఖ్యమైనది వరుస. ముందు ఖజానా, తర్వాత యజమాని. ఆ తర్వాత ఇంకెవరూ లేరు. మడిలో దిగి ఉప్పు గోకినవాడికి ఎంత, బండివాడికి ఎంత అన్న ప్రశ్న ఒడంబడికలో తలెత్తలేదు. తయారీ ఖర్చుకు తెచ్చి, పొరుగు ధరకు అమ్మగా మిగిలే లాభం కూడా ఫ్రెంచి పాలనకే. తన ఊరి సముద్రపు ఉప్పును పుదుచ్చేరి మనిషి పన్నుతో సహా తిరిగి కొనుక్కున్నాడు.

ఈ విధానం నష్టం ఎంత దూరం పాకిందో మద్రాసు ప్రభుత్వమే తర్వాత ఒప్పుకోవలసి వచ్చింది. ఉప్పు ధర భరించలేక చేపలు ఊరబెట్టే వృత్తి దెబ్బతింటున్నదని గుర్తించి, 1870ల తర్వాత తీరం పొడవునా ప్రత్యేకంగా యార్డులు కట్టి, వాటిలో సుంకం లేని ఉప్పు ఇవ్వసాగింది. మడిని మూస్తే ఎండుచేప కుండ దాకా దెబ్బ తగులుతుందని తెలియడానికి ప్రభుత్వానికి డెబ్బై ఏళ్లు పట్టింది.

గుడ్డ కథ

ఉప్పు పోయాక పుదుచ్చేరికి మిగిలిన పెద్ద ఆధారం గుడ్డ. అసలు ఆ పట్టణం పుట్టిందే గుడ్డ మీద. 1674లో ఫ్రాంస్వా మార్తాఁ వచ్చి నిలిచినప్పటి నుంచి నేతగాళ్లను రప్పించి కాపురం పెట్టించడమే ఫ్రెంచి కంపెనీ ముఖ్యమైన పని. దళారీలుగా ఎదిగినవారిలో ఆనందరంగ పిళ్లై దినచర్య చరిత్రకారులకు నిధి. తెలుగు సాహిత్య విద్యార్థులకు ఆయన మరో విధంగా తెలుసు. కస్తూరి రంగకవి తెలుగు ఛందోగ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’ ఆయన పేరు మీదనే వెలసింది. గుడ్డ వర్తకుడి ఇంటి లాభం తెలుగు ఛందస్సుకూ నీడనిచ్చిందన్నమాట.

పందొమ్మిదో శతాబ్దంలో పుదుచ్చేరి ప్రత్యేకత ‘గినీ’ గుడ్డ. నీలిమందులో ముంచి తీసిన ఆ ముదురు నీలం బట్ట ఫ్రెంచి ఓడల్లో పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ చేరేది. అక్కడ జిగురు వర్తకంలో గినీ తానే నాణెంగా చెల్లేది. ఒక్క తాను వెనుక నూలు వడికే ఇల్లాలు, కండెలు చుట్టే పిల్లలు, నేత కుటుంబం, అద్దకందారు, బట్టను కొట్టి మెరుగు పెట్టేవాడు ఉండేవారు. ఉప్పుమడి లాగే ఇదీ పది చేతుల వ్యాపారం.

1828 ప్రాంతంలో ఫ్రెంచి ప్రభుత్వ ప్రోత్సాహంతో తొలి నూలు మిల్లు లేచింది. అదే తర్వాత సవానా మిల్లుగా పేరు పొందింది. 1892లో గెబ్లే మిల్లు, 1898లో ఉప్పళానికి చేరువలోని ముదలియార్‌పేటలో రోడియర్ మిల్లుగా జనం పిలిచే ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ వచ్చాయి. ఇళ్లలో చెదిరి ఉన్న పని గోడల మధ్యకు చేరింది. మిల్లులు వేలాదిమందికి జీతాలిచ్చాయి, నిజమే. పట్టణపు బతుకును మూడు గేట్లకు కట్టేశాయన్నదీ అంతే నిజం. 1936 జూలై 30న సవానా మిల్లు దగ్గర కాల్పుల్లో 12 మంది కార్మికులు నేలకొరిగారు. వి.సుబ్బయ్య వంటి నాయకుల పోరాటంతో మరుసటి ఏడు ఎనిమిది గంటల పనిదినం చట్టబద్ధమయింది. ఆసియాలోనే ఇది మొదటిదని అక్కడి కార్మికోద్యమం నేటికీ గర్వంగా చెప్పుకుంటుంది. గోడల మధ్య చేరిన కార్మికుడు బేరమాడే శక్తి సంపాదించాడు. గోడ బయట ఉండిపోయిన నేతగాడికీ, చిల్లర వర్తకుడికీ ఆ శక్తి రాలేదు.

మినహాయింపుల మీద బతుకు

ఇరవయ్యో శతాబ్దంలో పుదుచ్చేరి మరో అలవాటు నేర్చుకుంది. చుట్టూ ఉన్న నేలకు వర్తించే నియమం తనకు వర్తించకపోవడాన్నే వ్యాపారంగా మార్చుకోవడం. 1941లో ఫ్రెంచి ఇండియా, బ్రిటిష్ ఇండియాల మధ్య సుంకాల ఒప్పందం కుదిరింది. స్వతంత్ర భారత ప్రభుత్వం 1949లో దానికి ముగింపు పలికింది. ఊళ్ల మధ్యన, పొలాల మధ్యన సుంకం చౌకీలు వెలిశాయి. విదేశీ సరుకు పుదుచ్చేరి రేవులో దిగడం, రాత్రికి రాత్రి సరిహద్దు దాటడం పెద్ద వ్యాపారమయింది. సరుకును తయారు చేసేవాడి కన్నా దాటించేవాడికి లాభం ఎక్కువగా ఉండే ఆర్థికం అది.

1954 అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధుల్లో 170 మంది విలీనానికి ఓటు వేశారు. నవంబరు 1న పాలన భారత్ చేతికి వచ్చింది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా బదిలీ పూర్తయింది. అయినా మినహాయింపుల అలవాటు పోలేదు. కేంద్రపాలిత ప్రాంతంగా తక్కువ పన్ను రేట్లు, 1993 తర్వాత వెనుకబడిన ప్రాంతాలకిచ్చిన ఆదాయపు పన్ను విరామం, అమ్మకం పన్ను రాయితీలు పెద్ద కంపెనీలను రప్పించాయి. రాయితీ గడువు తీరాక కొన్ని వెళ్లిపోయాయి. రాయితీ కోసం వచ్చిన పెట్టుబడికి ఆ నేలతో బంధం ఉండదు. నైపుణ్యం కోసం నిలిచిన పనిశాలలకే అది ఉంటుంది. అరవిందాశ్రమం 1959లో నెలకొల్పిన చేతి కాగితపు పరిశ్రమ, 1978లో చిన్న పనిశాలగా మొదలై దేశవిదేశాలకు తోలు సంచులు అమ్మే సంస్థగా ఎదిగిన హైడిజైన్ ఏ పన్ను విరామం కోసమూ పుట్టినవి కావు.

పెద్ద గేట్ల సంగతి ఏమయిందో కూడా చూడాలి. ప్రభుత్వ అధీనంలోకి వచ్చిన ఆంగ్లో ఫ్రెంచ్ మిల్లు 2020 ఏప్రిల్‌లో శాశ్వతంగా మూతపడింది. మిగిలిన రెండు పాత మిల్లులకూ అదే గతి పట్టింది.

తెలుగువారికి ఈ పాఠం యానాంలో ఇంకా దగ్గరగా, ఇంకా క్రూరంగా వినిపించింది. ఒకప్పుడు నీలపల్లి, ఇంజరం చుట్టుపక్కల మగ్గాల గుడ్డ మీద బతికిన తీరం అది. పందొమ్మిదో శతాబ్దపు తొలి దశకాల్లో ఇంగ్లీషు కంపెనీ గుడ్డ కొనడం మానుకున్నాక ఆ తీరపు నేత వర్తకం సన్నగిల్లింది. నూటయాభై ఏళ్ల తర్వాత యానాంకు మళ్లీ పెద్ద ఉపాధిగా వచ్చింది రీజెన్సీ సిరామిక్స్. 2012 జనవరి 27న జీతాల వివాదం నెత్తురు చిందించింది. ఒక కార్మిక నాయకుడు, సంస్థ అధ్యక్షుడు, ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. ఫ్యాక్టరీ తగలబడింది, ఏళ్ల తరబడి తెరుచుకోలేదు. ఎవరిది ఎంత తప్పన్న తర్కం న్యాయస్థానాలది. మన ప్రశ్న వేరు. ఒక్క గేటు మూతపడితే టీకొట్టు నుంచి అద్దె గది దాకా ఊరంతా చీకటయ్యేలా ఒక ప్రాంతపు ఆర్థికాన్ని ఎందుకు నిలబెట్టాం?

గ్రామం పేరు కనిపించిన ఒకే ఒక్క కాగితం

ఉప్పు చరిత్రలో ఒక్కసారి మాత్రం చిన్నవాడి ఊసు ఒప్పందంలోకి ఎక్కింది. 1930లో దండి దారిలో గాంధీజీ, వేదారణ్యం దారిలో రాజాజీ నడిచారు. ఒంగోలు దగ్గర దేవరంపాడులో, బందరు తీరాన తెలుగువారు ఉప్పు వండారు. 1931 మార్చి 5 నాటి గాంధీ, ఇర్విన్ ఒడంబడికలో, ఉప్పు దొరికే చోటికి దగ్గరి గ్రామాలవారు తమ వాడకానికి, తమ గ్రామంలో అమ్మకానికి ఉప్పు తీసుకోవచ్చునన్న వాక్యం చేరింది. ఊరు దాటి అమ్మరాదు. స్వల్పమైన హక్కే. అయినా 1815లో, 1818లో కనబడని మనిషి ఈ కాగితం మీద కనబడ్డాడు. ఎవరి దయ వల్లా కాదు, వేలాదిమంది జైలుకు వెళ్లడం వల్ల. 1947లో ఉప్పు పన్ను రద్దయింది. 1948లో 10 ఎకరాలకు మించని మడులకు లైసెన్సు అక్కరలేదని ప్రభుత్వం నిర్ణయించింది.

ఆ 10 ఎకరాల నియమంలో ఒక సూత్రం ఉంది. చిన్నవాడికి కావలసింది కానుక కాదు, అతని కొలతకు తగిన నియమం. ఆ సూత్రాన్ని మనం మళ్లీ మరిచిపోయామనడానికి 2017 జూలై 1న వచ్చిన జీఎస్టీ సాక్ష్యం.

పన్ను రేట్లు దేశమంతటా ఒకటైనాక, పొరుగు జిల్లాల కొనుగోలుదారును పుదుచ్చేరికి రప్పించిన తేడా పోయింది. జీఎస్టీ బయట ఉండిపోయిన పెట్రోలు, మద్యం మాత్రమే ఆ తేడాను నిలుపుకోగలిగాయి. నష్టపోయిన రాబడికి ఐదేళ్ల పాటు, 2022 జూన్ దాకా, కేంద్రం పరిహారం ఇచ్చింది. ఎవరికి? ప్రభుత్వాలకు. వరుస మారలేదు. గిరాకీ పోయిన దుకాణానికి 1818లో లాగే ఏ పద్దు కిందా చోటు లేదు.

అంతకన్నా సూక్ష్మమైన దెబ్బ సరిహద్దుది. సరుకులు అమ్మే చిన్న వర్తకులకు జీఎస్టీ నమోదు పరిమితిని 2019 ఏప్రిల్ నుంచి 40 లక్షల రూపాయలకు పెంచినప్పుడు, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ ఆ సదుపాయాన్ని తీసుకున్నాయి. పుదుచ్చేరి తీసుకోలేదు, 20 లక్షల దగ్గరే నిలిచింది. తెలంగాణ కూడా అంతే. ఏడాదికి 30 లక్షల సరుకు అమ్మే కడలూరు కొట్టుకు లేని లెక్కల భారం, గంటలోపు ప్రయాణంలో ఉన్న ఉప్పళం కొట్టుకు వచ్చిపడింది.

ఇక్కడితో అయిపోలేదు. రాష్ట్రం దాటి సరుకు పంపే వర్తకుడు, పరిమితితో నిమిత్తం లేకుండా, దాదాపు ప్రతి సందర్భంలోనూ నమోదు కావలసిందే. లెక్కలు సులువు చేసే కాంపోజిషన్ పథకం అతనికి వర్తించదు. పెద్ద రాష్ట్రంలోని చిన్న వర్తకుడికి ఇది ఎప్పుడో ఎదురయ్యే సమస్య. తమిళనాడు ఊళ్ల మధ్య ముక్కలు ముక్కలుగా ఉన్న పుదుచ్చేరిలో అది రోజూ ఎదురయ్యే సమస్య. యానాం వర్తకుడు పొరుగునే ఉన్న ఇంజరానికి సరుకు పంపితే అది అంతర్రాష్ట్ర వాణిజ్యం. 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరికి పంపితే స్థానిక వాణిజ్యం. ఫ్రెంచి, ఇంగ్లీషు దొరలు గీసిన గీత ఒకప్పుడు దొంగరవాణాకు లాభం తెచ్చింది. నేడు అదే గీత నిజాయతీగా పద్దు రాసుకునేవాడికి శిక్ష అయింది.

కాబట్టి ‘చిన్న పరిశ్రమలను ఆదుకుంటాం’ అన్న వాగ్దానాన్ని మూడు నిర్దిష్టమైన ప్రశ్నలతో తూచాలి. పొరుగు రాష్ట్రపు చిన్న వర్తకుడికి ఉన్న పరిమితి పుదుచ్చేరికి, తెలంగాణకు ఎందుకు ఉండరాదు? నేల వైపంతా మరో రాష్ట్రమే ఉన్న యానాం, కారైకాల్ వంటి చోట్ల పక్క మండలానికి చేసే అమ్మకాన్ని స్థానిక అమ్మకంగా ఎందుకు లెక్కించరాదు? చిన్న సంస్థల బకాయిలు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతుంటే, దాన్ని అమలు చేయించడానికి, ఆ గడువు మీరిన కొనుగోలుదారుకు ఆదాయపు పన్నులో ఆ ఖర్చు మినహాయింపు వాయిదా పడే నిబంధన తేవడానికి 2023 దాకా ఎందుకు ఆగవలసి వచ్చింది? ఈ ప్రశ్నల్లో ఏదీ డబ్బు అడగడం లేదు. నియమం రాసేటప్పుడు చిన్నవాడి కొలత కూడా చూడమని మాత్రమే అడుగుతున్నాయి.

1815లో ఉప్పళం మనిషికి ఓటు లేదు. తన మడి గురించి లండన్‌లో ఏం రాసుకున్నారో అతనికి తెలిసే దారి లేదు. నేడు ఆ పేటకు తన పేరుతో ఒక శాసనసభ్యుడు ఉన్నాడు. జీఎస్టీ మండలిలో పుదుచ్చేరి మంత్రికి ఒక కుర్చీ ఉంది. ఇంత ఉండి కూడా 20 లక్షల గీతకు అవతలే చిన్న వర్తకుడు నిలిచిపోయాడంటే, తప్పు దూరపు సామ్రాజ్యాలది అనడానికి ఇక వీలులేదు. తన ఇంటి ప్రభుత్వమే అతనికి ఆ జవాబు చెప్పాలి.